క్రొత్త చర్మమునకు ఇంటివద్ద సంరక్షణ

యౌవనమున పుట్టిన మొటిమలు కొన్ని యేండ్లకు తగ్గిపోవును. అవి మిగిల్చిన గుంటలు మాత్రము తగ్గవు. ఆటలమ్మ వచ్చి పోయిన పిమ్మట, గోకిన చోటులందు మచ్చలు నిలిచిపోవును. ఒకప్పుడు స్ఫోటకపు గుంటలు గల ముఖములు కనిపించని ఊరు మనదేశమున అరుదు. 1977లో భారతదేశము స్ఫోటకమునుండి విముక్తి పొందినదని ధ్రువపరుపబడినది గాన, ఆ గుంటలు నేటి యువజనులకు తెలియవు. మొటిమల గుంటలు మాత్రము నేటికిని అనేకులను బాధించుచున్నవి. వానివలన ప్రాణమునకు హాని లేదు. కాని నలుగురిలోనికి పోవుటకు సంకోచము, పెండ్లిచూపులనాడు తల యెత్తలేకపోవుట, ఉద్యోగమునకై పోయినప్పుడు బెరకు, ఇవి అనుభవించువారికి చిన్న బాధలు కావు.

ఇట్టి గుంటలను తగ్గించుటకు నేడు చికిత్సలు కలవు. చర్మపు పైభాగమును కొలత ప్రకారము తొలగించి, దాని స్థానమున క్రొత్తపొర వచ్చునట్లు చేయుట వాని సారాంశము. దీనిని ఈ వ్యాసమున పైపొర చికిత్స యని పిలుచుకొందము. చికిత్స ఒక గంటలోపుననే ముగియవచ్చును. ఫలితము మాత్రము అటుపిమ్మట ఇంటిలో గడచు వారములలో నిర్ణయమగును. నిపుణుడైన వైద్యుడు చక్కగా చేసిన పనిని ఒకనాటి ఎండ, ఒక గోటి గీత, చీటీ లేకుండ కొన్న ఒక లేపనము చెడగొట్టగలవు. కావున ఆ వారములలో రోగియు, ఇంటివారును ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో ఇచ్చట వివరింపబడినది.

చికిత్సలో జరుగునదేమి?

మన చర్మమున ముఖ్యముగా రెండు పొరలు కలవు. పైపొర మిక్కిలి పలుచనిది. ముఖముపై దాని మందము మిల్లీమీటరులో సుమారు పదవవంతు. దాని క్రిందనున్న లోపొరయందు రక్తనాళములు, నరములు, వెండ్రుకల కుదుళ్లు, చెమటగ్రంథులు ఉండును. చర్మమునకు బలమును, బిగువును ఇచ్చు కొల్లాజెన్ అను పదార్థము ఇచ్చటనే తయారగును. పైపొరను తొలగించినను, వెండ్రుకల కుదుళ్లలోను చెమటగ్రంథుల నాళములలోను మిగిలియున్న జీవకణములు పైకి ప్రాకి, గాయమును కప్పి, క్రొత్తపొరను అల్లుకొనును. లోపొరయందు క్రొత్త కొల్లాజెన్ పుట్టి, గుంటలను కొంతవరకు పూడ్చును. శరీరమునకు స్వభావసిద్ధమైన ఈ శక్తియే చికిత్సకు ఆధారము.

పైపొరను తొలగించు పద్ధతులు ముఖ్యముగా మూడు. తగిన పాళ్లలో ఆమ్లములను పూయుట మొదటిది. దీనిని కెమికల్ పీల్ అందురు. వేగముగా తిరుగు గరుకు చక్రముతో ఒరయుట రెండవది, ఇది డెర్మాబ్రేషన్. లేజరు కిరణమును ప్రయోగించుట మూడవది. ఇందులకు విశేషముగా వాడబడు కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనుగొన్నవారు కుమార్ పటేల్. వీరు మహారాష్ట్రములోని బారామతిలో జన్మించిన భారతీయులు. ఈ కిరణమును నీరు గ్రహించును. చర్మకణములలో నీరే అధికము గనుక, కిరణము సోకిన పలుచని పొర క్షణములో ఆవిరియగును.

2004లో ఫ్రాక్షనల్ లేజరు అను క్రొత్త విధానము వెలువడినది. ఇందులో చర్మమునంతయు ఒకేమారు తొలగింపరు. మడిలో నారు నాటునప్పుడు మొక్కకు మొక్కకు నడుమ ఎడము విడిచినట్లు, కంటికి ఆనని సన్నని రంధ్రములను చేసి, వాని నడుమ ఆరోగ్యమైన చర్మమును విడిచిపెట్టుదురు. ఆ చర్మము నలువైపులనుండి ప్రాకి గాయమును త్వరగా పూడ్చును. ఈ విధానమున పైపొర మానుటకు సుమారు ఒక వారము పట్టును. పైపొరనంతటిని తొలగించినచో పదినుండి పదునాలుగు దినములవరకు పట్టవచ్చును. తేలికపాటి కెమికల్ పీల్ తరువాత కొన్ని దినములు పొట్టు రాలి ఊరకుండును.

మన చర్మవర్ణమును గూర్చి ఒక మాట

చర్మమునకు రంగు నిచ్చునది మెలనిన్ అను పదార్థము. అది ఎండనుండి మనలను కాపాడును. మన చర్మమున ఈ రక్షణ హెచ్చుగా నుండుట మన భాగ్యమే. అయితే, మన చర్మమునకు ఏ దెబ్బ తగిలినను ఆ చోట మెలనిన్ అధికముగా ఊరును. దోమకాటు, మొటిమ, నూనె చిందిన బొబ్బ మానిన పిమ్మట నల్లని మచ్చ మిగులుట అందరికిని అనుభవమే. పైపొర చికిత్సయు ఒక విధమైన గాయమే గాన, దానికిని ఈ నియమమే వర్తించును.

1975లో ఫిట్జ్‌పాట్రిక్ అను అమెరికా వైద్యుడు ఎండకు చర్మము మారు తీరునుబట్టి మనుష్యుల చర్మమును వర్గములుగా విభజించెను. నేడు వాడుకలోనున్న ఆరు వర్గములలో భారతీయులలో అధికసంఖ్యాకులు నాలుగు, ఐదు వర్గములకు చెందుదురు. ఈ వర్గములవారికి చికిత్స చేయరాదని కాదు. జాగ్రత్త ఎక్కువ కావలెనని అర్థము. నల్లమచ్చ సాధారణముగా మూడు నాలుగు వారములు గడచిన పిమ్మట కనిపించును. అనగా గాయము మానినదని అందరును నిశ్చింతగా నున్న సమయముననే అది వచ్చును. ఈ సంగతి ముందుగా తెలిసినవారు భయపడరు. తెలియనివారు తొందరపడి పెద్ద పొరపాటు చేయుదురు.

ఇంకొక మాట కూడ స్పష్టము చేయవలెను. ఈ చికిత్స తెల్లబరచుటకు కాదు. గుంటలను, గరుకుదనమును తగ్గించుట దీని ప్రయోజనము. రంగు మారునని ఎవరైన ఆశ చూపినచో వారి మాట నమ్మరాదు.

ముందుగా ఆలోచింపవలసినవి

ఇరువదిమూడేండ్ల కుమార్తె గల ఒక ఇంటిని ఊహింపుడు. ఆమెకు చెక్కిళ్లపై మొటిమల గుంటలు ఉన్నవి. సంబంధము కుదిరినది, ముహూర్తము ఆరు వారములు ఉన్నది. పెండ్లినాటికి ముఖము నునుపు కావలెనని తల్లి కోరిక. ఈ సందర్భమున చికిత్సకు తొందరపడుట మంచిది కాదు. ఎఱ్ఱదనము తగ్గుటకు కొందరికి వారములు, పైపొరనంతయు తీసినవారికి నెలలు పట్టును. నల్లమచ్చ వచ్చినచో అది సరిగా ముహూర్తము నాటికే తేలును. కావున శుభకార్యమునకు కనీసము ఐదారు నెలలు ముందుగానైనను, అది జరిగిన పిమ్మటనైనను చికిత్స చేయించుకొనవలెను. రోహిణికార్తె ఎండలలో కంటె శీతకాలమున చేయించుకొనుట మేలు.

చికిత్స చేయువారు చర్మవైద్యమున శిక్షణ పొంది రిజిస్టరైన వైద్యులై యుండవలెను. సౌందర్యశాలలలో ఇట్టి చికిత్సలు చేయించుకొనరాదు. గర్భము, మధుమేహము, గాయము మానిన చోట ఉబ్బెత్తుగా మచ్చ కట్టు స్వభావము, మొటిమలకై ఐసోట్రెటినోయిన్ మాత్రలు మ్రింగియుండుట, ఇవి యేవి యున్నను వైద్యునకు దాచక చెప్పవలెను. జ్వరము వచ్చినప్పుడు పెదవి అంచున గుంపుగా నీటిపొక్కులు లేచు అలవాటున్నచో తప్పక చెప్పవలెను. ఆ పొక్కులకు కారణమైన హెర్పిస్ అను సూక్ష్మజీవి నరములలో దాగియుండి, పైపొర తొలగినప్పుడు విజృంభించి ముఖమంతట వ్యాపింపగలదు. దానిని నివారించుటకు వైద్యులు ఎసైక్లోవిర్ వంటి మాత్రలను ముందుగానే ఇత్తురు. పొక్కులు రాలేదు గదా యని వానిని నడుమ మానరాదు.

మొదటి వారము

మొదటి రెండుమూడు దినములు ముఖము ఎఱ్ఱబారి, వాచి, ఎండకు కమిలినట్లు మండును. పసుపుపచ్చని పలుచని రసి ఊరును. ఇది సహజమే. పండుకొనునప్పుడు తల క్రింద రెండు దిండ్లుంచుకొని వెల్లకిల పరుండినచో వాపు త్వరగా తీయును. మంచుముక్కలను పలుచని శుభ్రమైన గుడ్డలో చుట్టి కొలదిసేపు ఆనించవచ్చును. మంచును నేరుగా పెట్టరాదు. నొప్పికి వైద్యుడు చెప్పిన ప్రకారము పారసిటమాల్ వాడవచ్చును. గుండెజబ్బునకై రోజును వేసికొను మాత్రలను వైద్యుని అడుగక మానరాదు.

ముఖమును తాకుటకు ముందు చేతులను సబ్బుతో చక్కగా కడుగుకొనవలెను. గోళ్లు పొట్టిగా కత్తిరించుకొనవలెను. రోజుకు వైద్యుడు చెప్పినన్ని మారులు, కాచి చల్లార్చిన నీటితోగాని, ఆయన సూచించిన ఉప్పునీటితోగాని ముఖమును మెల్లగా కడిగి, ఉతికిన మెత్తని నూలుగుడ్డతో అద్దవలెను. రుద్దరాదు. వెంటనే పెట్రోలియం జెల్లీనిగాని, వైద్యుడిచ్చిన లేపనమునుగాని పలుచగా పూయవలెను. అది ఆరిపోయినట్లు తోచినప్పుడెల్ల మరల పూయవలెను. సూక్ష్మజీవులను చంపునని పేరుగల లేపనములన్నియు మంచివి కావు. నియోమైసిన్ కలిసినవి కొందరికి పడక దద్దురులు కలిగించును.

మన భాషలో గాయము మానుటను పుండు ఆరుట యందుము. ఎండినగాని మానదని మన నమ్మకము. ఈ గాయము విషయమున ఆ నమ్మకమును విడువవలెను. 1962లో జార్జి వింటర్ అను శాస్త్రజ్ఞుడు పందులపై పరిశోధన చేసి, ఎండబెట్టిన గాయముకంటె తడి ఆరకుండ కప్పిన గాయము సుమారు రెండింతలు వేగముగా క్రొత్తపొరతో కప్పబడునని చూపెను. కారణము సులభమే. ఎండి గట్టిపడిన పక్కు క్రింద జీవకణములు దారి వెదకుకొనవలసివచ్చును. తేమగల చోట తిన్నగా ప్రాకిపోవును. ముఖమును జిడ్డుగా ఉంచుట చూచుటకు బాగుండకపోవచ్చును గాని, ఆ కొలది దినములు అదియే మందు.

మూడవ దినము మొదలు దురద పుట్టును, పొట్టు లేచును. గోకుట, పొట్టును లాగుట కూడదు. లేత పొరను పెరికినచో క్రొత్త గుంట పడును. ఏ గుంటను పోగొట్టుకొన వచ్చితిమో ఆ గుంటయే తిరిగి వచ్చును. నిద్రలో గోకు అలవాటున్నవారు చేతులకు మెత్తని నూలు తొడుగులు వేసికొనవచ్చును. దురద భరింపరానిదైనచో వైద్యునకు తెలుపవలెను.

తలంటుకొనునప్పుడు తలను వెనుకకు వంచి, కుంకుడురసముగాని షాంపూగాని ముఖముపైకి జారకుండ ఇంకొకరిచే పోయించుకొనవలెను. పొయ్యి సెగ, తాలింపు చిందులు, వేడినీటి ఆవిరి తగులరాదు. కావున ఆ వారము ఆమెను వంటయింటి పనినుండి తప్పించుట ఇంటివారి ధర్మము. నుదుటికి చికిత్స జరిగినచో, చర్మము మానువరకు జిగురు బొట్టుబిళ్లలు అంటించరాదు, కుంకుమయు పెట్టరాదు. పురుషులు వైద్యుడు అనుమతించువరకు క్షౌరము మానవలెను. పొగత్రాగుటవలన రక్తప్రసారము తగ్గి గాయము ఆలస్యముగా మానును.

ఇంటి పెద్దలకు మనవి

మనుమరాలి ముఖము ఎఱ్ఱగా కమిలియుండుట చూచి, "కాస్త పసుపు రాయనీ తల్లీ, చిటికెలో మానిపోవును" అని అవ్వ అనుట సహజము. ఆమె ప్రేమను శంకింపరాదు. కాని పైపొర లేని చర్మము మామూలు చర్మము వంటిది కాదు. తలుపు తీసియుంచిన ఇంటివలె, ఏది పూసినను అది తిన్నగా లోనికి పోవును. పసుపు, గంధము, నిమ్మరసము, పెరుగు, సున్నిపిండి, కొబ్బరినూనె, ఇంటిలో చేసినవైనను అంగడిలో కొన్నవైనను, చర్మము పూర్తిగా మాని, వైద్యుడు సరేయనువరకు తాకించరాదు. నిమ్మరసము మంటను పెంచి మచ్చకు దారితీయును. వంటపసుపున గల దుమ్ము ధూళి సూక్ష్మజీవులను చేర్చును. అవ్వ చేయదగిన సాయము వేరే యున్నది. నీరు కాచి చల్లార్చి ఇచ్చుట, గుడ్డలు ఉతికి ఇచ్చుట, గోకబోయిన చేతిని మెల్లగా పట్టుకొనుట, ఇవి ఏ మందునకును తీసిపోవు.

ఆహార విషయమున కూడ ఒక అపోహ కలదు. పప్పు తినిన చీము పట్టునని, వంకాయ, గోంగూర పనికిరావని పథ్యము పెట్టుదురు. ఇది నిజము కాదు. క్రొత్త చర్మము అల్లుకొనుటకు మాంసకృత్తులు కావలెను. పప్పు, పాలు, గ్రుడ్డు, ఆకుకూరలు, పండ్లు అలవాటు ప్రకారము తినవలెను.

ఎండనుండి రక్షణ

చర్మము మానిన పిమ్మట అసలైన పరీక్ష ఎండతో మొదలగును. లేత గులాబీరంగున నున్న క్రొత్తచర్మమునకు ఎండ తగిలినచో మెలనిన్ విజృంభించును. మానకముందు సన్‌స్క్రీన్ పూయరాదు గనుక, ఆ వారము ఇంటిపట్టున నుండుటయే రక్షణ. మానిన తరువాత వైద్యుని అనుమతితో ఎస్.పి.ఎఫ్. 30గాని, అంతకు మించినదిగాని అయిన సన్‌స్క్రీన్‌ను ప్రతిదినము పూయవలెను. చూపుడువ్రేలు, నడిమివ్రేలు పొడవున పరచినంత లేపనము ముఖమునకు, మెడకు కావలెను. బయట నున్నప్పుడు రెండు గంటలకొకమారు మరల పూయవలెను. మన వర్ణమువారికి కంటికి కనిపించు వెలుతురు కూడ మచ్చను కలిగింపగలదు. దానిని అడ్డుటకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, రంగుగల సన్‌స్క్రీన్ మేలైనది.

లేపనము ఒక్కటియే చాలదు. గొడుగు, వెడల్పు అంచుగల టోపీ, ముఖముమీదికి కప్పుకొన్న కొంగు మన వాతావరణమున చక్కని సాధనములు. ప్రొద్దున పదిగంటలు మొదలు సాయంకాలము నాలుగువరకు బయటి పనులు తగ్గించుకొనవలెను. పొలమున, వీథిలో, రెండు చక్రముల బండిపై పగలెల్ల ఎండలో తిరుగక తప్పనివారు ఈ సంగతి ముందే వైద్యునితో చెప్పి, తేలిక చికిత్సనుగాని, తగిన కాలమునుగాని ఎంచుకొనవలెను. ఈ జాగ్రత్త కనీసము మూడు నెలలు, వీలైనచో అంతకు మించియు సాగవలెను.

చీటీ లేని లేపనములు

మరల ఆ కుమార్తె ఇంటికి పోదము. పెద్దలు ఆలోచించి చికిత్సను పెండ్లి తరువాతకు వాయిదా వేసిరి. చికిత్స జరిగి నాలుగు వారములైనది. ఒకనాడు అద్దములో చెక్కిలిపై గోధుమరంగు చాయ కనిపించినది. చూడవచ్చిన పినతల్లి ఒక గొట్టము పేరు చెప్పి, "నాకు వారములో తెల్లబడినది, తెప్పించుకొనుము" అనినది. ఈ ఘట్టముననే అనేకులు దారి తప్పుదురు.

అట్టి గొట్టములలో పెక్కింట బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ మందులు ఉండును. పూసిన కొలది దినములకు ముఖము తెల్లగా, నునుపుగా కనిపించును. నెలలతరబడి వాడినచో చర్మము పలుచబడి, సన్నని ఎఱ్ఱని నాళములు తేలి, మొటిమలు విరివిగా లేచి, ముఖముపై వెండ్రుకలు మొలచును. మానినచో ముఖమంతయు మండి ఎఱ్ఱబారును. ఆ బాధకు ఓర్వలేక మరల పూయుదురు. ఈ దుస్థితి మనదేశమున ఎంత హెచ్చినదనగా, భారతీయ చర్మవైద్యులు దానికి ప్రత్యేకముగా ఒక పేరు పెట్టవలసివచ్చినది. 2018లో కేంద్రప్రభుత్వము స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీపైననే విక్రయింపవలెనని నియమించినది. నియమము అంగడివానికే కాదు. కొనువారి వివేకమునకును వర్తించును.

చికిత్స చేసిన వైద్యుడే ఒక తేలిక స్టెరాయిడ్‌ను కొలది దినములకు వ్రాయవచ్చును. అందు తప్పు లేదు. చీటీపై ఎన్ని దినములని యున్నదో అన్ని దినములే వాడవలెను. మిగిలిన గొట్టమును దాచి ఇంకొకరికి ఇయ్యరాదు. ఆ కుమార్తె చేయవలసినది, పినతల్లికి నమస్కరించి, వైద్యుని కలిసికొనుటయే. చాయ తేలిన వెంటనే చూపినచో, తగిన లేపనముతోను, ఎండ జాగ్రత్తతోను అది కొన్ని నెలలలో సాధారణముగా తగ్గిపోవును.

ఆలస్యము చేయరాని చిహ్నములు

ఈ క్రిందివి కనిపించినచో మరునాటివరకు వేచియుండక వైద్యునియొద్దకు పోవలెను. తగ్గిన నొప్పి మరల హెచ్చుట, గుంపుగా నీటిపొక్కులు లేచుట, చీము, దుర్వాసన, తేనెరంగు పక్కులు, జ్వరము, కన్ను ఎఱ్ఱబారుట, రెప్ప క్రిందికి లాగినట్లుండుట, అంతట ఎఱ్ఱదనము తగ్గుచుండగా ఒక్కచోట మాత్రము ముదిరి గట్టిపడుట. చివరిది ఉబ్బెత్తు మచ్చ కట్టుటకు పూర్వసూచన. మొదటనే చూపినచో ఆపుటకు వీలుండును. తెల్లని ఆవగింజ వంటి చిన్న పొక్కులు, కొలదిపాటి మొటిమలు మాత్రము కొందరికి వచ్చుచుండును. అవి అపాయకరములు కావు. గిల్లక, తరువాతి సారి పోయినప్పుడు చూపిన చాలును.

తొందర వలదు

ఎఱ్ఱదనము తీసిన దినమే ఫలితమును తేల్చుకొనరాదు. లోపొరయందు కొల్లాజెన్ అల్లుకొనుట మూడునుండి ఆరు నెలలవరకు సాగును. చికిత్సకు ముందొకటి, తరువాత నెలకొకటిగా, ఒకే కిటికీయొద్ద ఒకే వెలుతురులో ఫొటో తీసికొనినచో మార్పు నిజముగా తెలియును. గుంటలు తగ్గును, పూర్తిగా మాయమగునని ఏ వైద్యుడును మాట ఇయ్యజాలడు. కొందరికి రెండుమూడు మారులు చికిత్స అవసరమగును.

కడిగిన చేతులు, ఆరనీయని లేపనము, గోకని వ్రేళ్లు, గొడుగు నీడ, చీటీ లేని మందునకు దూరము, ఈ ఐదింటిని పాటించుటకు ధనము అంతగా అక్కరలేదు. ఓర్పు అక్కర. ఆ ఓర్పు రోగి ఒక్కరికే యున్న చాలదు, ఇల్లంతటికిని ఉండవలెను. ముఖమును చూచి దినమునకు పదిమారులు "ఇంకను తగ్గలేదే" యనువారున్న ఇంట రోగికి తొందర పుట్టును. తొందరవలననే తప్పుదారి పట్టుట. "మానుచున్నది, మాననిమ్ము" అనువారున్న ఇంట క్రొత్తచర్మము నిదానముగా, నిరపాయముగా కుదురుకొనును.